‘ఓకే’ అని రాయకండి



నా వెనకాల బ్యానరు మీద ఆయన పేరు మూరెడేసి అక్షరాలతో ఉంది. ముందు డిగ్రీలు, వెనక హోదా, పక్కన ఎప్పటిదో పాస్‌పోర్టు ఫోటోని సాగదీసి పెద్దది చేసిన ముఖం. నేను మాత్రం ఈ గంటసేపూ ఆ పేరు ఎత్తను. నలభై ఏళ్లలో ఒక్కసారీ ఎత్తలేదు. నాకు ఆయన బావ. ఆయనకు నేను ‘మేనేజర్ సాబ్’, అది కూడా వెటకారంగా. వరస ఎక్కడ కలిసిందని అడక్కండి. కులం వేరు, ఊరు వేరు. మా రెండు క్వార్టర్లకూ నడుమ ఒకే గోడ ఉండేది, అదే వరస. సభామర్యాద ప్రకారం ‘గారు’ అనాలి, బహువచనం వాడాలి. ఇంట్లో అద్దం ముందు సాధన చేశాను కూడా. నోరు తిరగలేదు. మన్నించండి.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘గనుల యాంత్రీకరణలో మెయింటెనెన్స్ పాత్ర’. ఆహ్వానపత్రంలో అలాగే అచ్చయింది. దాని మీద మాట్లాడగలవాళ్లు ఈ హాల్లోనే పదిమంది ఉన్నారు. నేను ఒక్క మాట గురించి మాట్లాడతాను. ఆ మాట ‘ఓకే’. దాని మీద మా బావ ముప్పై ఏళ్లు యుద్ధం చేశాడు. గెలిచాడని చెప్పను.

ఇలాంటి సంతాపసభలంటే ఆయనకు పడేది కాదు. రమ్మంటే వచ్చేవాడు, వచ్చి మైకుసెట్టు అబ్బాయి పక్కన కూర్చునేవాడు. మైకు గీపెట్టిందంటే వక్త కంటే ముందు ఆయన లేచేవాడు. ఇవాళ మైకు బాగానే పనిచేస్తోంది. కొంచెం వెలితిగా ఉంది.

బొగ్గు గురించి ఎవరు మాట్లాడినా తవ్వినవాడి గురించి మాట్లాడతారు. న్యాయమే. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గుందని కనిపెట్టాడు, 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది, 1920 డిసెంబరు 23న కంపెనీకి సింగరేణి అన్న ఊరి పేరు పడింది. ఇవన్నీ మన పిల్లలు క్విజ్‌లో గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తారు. ఇల్లందును పెద్దవాళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటారు. బావ ఈ చరిత్రంతా విని ఎప్పుడూ ఒకటే అడిగేవాడు: “అంతా బాగుంది గానీ మొదటిరోజు నీళ్లు తోడినోడెవడు?”

అది కొంటె ప్రశ్న కాదు. మనవాళ్లు గనిని ‘బాయి’ అంటారు. బయటివాళ్లకు అది ముచ్చటగా వినిపిస్తుంది, యాసలే అనుకుంటారు. కానీ అంతకంటే సరైన పేరు లేదు. భూమికి కన్నం పెడితే ముందు వచ్చేది నీరు. బొగ్గు తర్వాత. తోడటం ఆపిన రోజున ఏ గనయినా ఊరబావి అయిపోతుంది. గాలి కూడా అంతే. పైన ఫ్యాను తిరిగినంతసేపే కింద మనుషులుండాలి. ఫ్యాను ఆగితే పని ఆపి మనుషుల్ని పైకి రప్పించాలి. సమ్మె జరుగుతున్నా, పండగొచ్చినా, ఎవరు పోయినా పంపూ ఫ్యానూ తిరుగుతూనే ఉంటాయి. ఆ తిరుగుడు మా బావ ఉద్యోగం. మామూలు మాటల్లో కొలీరీ ఇంజనీరు, మా బాయిలో ‘ఇంజన్ సారు’.

నేను మైనింగ్ వాణ్ణి. అండర్ మేనేజరుగా చేరి మేనేజరునయ్యాను. మా రెండు శాఖల మధ్య ఉండేది అత్తాకోడళ్ల వ్యవహారం. మేం యంత్రాన్ని ఆపొద్దంటాం, వాళ్లు ఒక్క గంట ఇవ్వమంటారు. టన్నులు వస్తే మా గొప్ప. రాకపోతే బ్రేక్‌డౌన్, అంటే వాళ్ల తప్పు. మేమిద్దరం పనిచేసిన బాయి గోదావరి లోయలో ఎక్కడుందో ఇక్కడ చాలామందికి తెలుసు, పేరు అవసరం లేదు. ఏటవాలుగా దిగే ఇంక్లైన్ ఉంది, నిలువుగా దిగే షాఫ్టూ ఉంది. బావ ఆ బాయికి బదిలీ మీద వచ్చిన వారంలోనే నాకు తగిలిన మొదటి తలనొప్పి గురించి చెబుతాను.

బొగ్గు టబ్బుల్ని తాడుతో లాగే హాలేజి తనిఖీ రిజిస్టరు తెప్పించుకుని చూశాడు. నాలుగు నెలల పుటలు. వరసగా ఓకే, ఓకే, ఓకే. ఒకే సిరా, ఒకే వాలు. వేలితో ఒక తేదీ దగ్గర ఆగాడు. ఆ రోజు హాలేజి డ్రమ్మును విప్పి నేల మీద పెట్టారు. మధ్యాహ్నం దాకా బాయిలో ఒక్క టబ్బు కదల్లేదు. రిజిస్టరులో మాత్రం హాలేజి ఓకే, సంతకంతో సహా.

నేనైతే మెమో ఇచ్చేవాణ్ణి. ఆయన ఆ ఫిట్టరును పిలిపించి బల్ల మీద తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

“ఏందన్నా ఇది?”

“ఏం రాయాలె సార్? నాకు ఇంగ్లీషు రాదు. గది ఒక్కటే వస్తది.”

ఆ జవాబు నాకు నవ్వు తెప్పించింది. ఆయనకు తెప్పించలేదు. ఆ ఫిట్టరుకు ఇరవై ఏళ్ల అనుభవం. చెవి పెట్టి బేరింగు ఆయుష్షు చెప్పగలడు. బేరింగు మీద ఆనించిన స్క్రూడ్రైవరు పిడిని చెవికి పెట్టుకుని లోపల గుండ్లు ఎలా దొర్లుతున్నాయో వినేవాడు. అంత తెలిసినవాడి చేతికి రాసే చోట మనమిచ్చింది రెండక్షరాలు. అబద్ధం ఆడమని మనమే మూలకు నెట్టాం.

మర్నాడు బావ మామూలు లెక్కల నోటుబుక్కులో స్కేలుతో గళ్లు గీశాడు. పైన తెలుగులో రాశాడు: వేడి, శబ్దం, నూనె, వదులు. చివరి గడి మీద ‘నిన్న లేనిది’. ఫిట్టరు తన మొదటి వాక్యం ఇలా రాశాడు: ‘చెయ్యి పెట్టిన. ఏడు లెక్కపెట్టిన. తీసిన.’

నాకది పిచ్చిగా కనిపించింది. పైనుంచి ఎవరైనా తనిఖీకి వస్తే నా బాయి పరువేమవుతుంది? ఏడు లెక్కపెట్టటం ఒక కొలతా అని అడిగాను. బావ అన్నాడు: “నీ చెయ్యి వేరు, నా చెయ్యి వేరు, ఆయన చెయ్యి వేరు. కానీ రేపు కూడా అదే చెయ్యి, అదే బేరింగు. నిన్న పది, ఇవాళ ఏడు అయిందనుకో, నాకు కావలసింది ఆ మూడే.” తర్వాత థర్మామీటరు తెప్పించి ప్రతి ఫిట్టరు అంకెకూ పక్కన డిగ్రీలు రాసుకున్నాడు. ఎవరి చెయ్యి ఎంత మొండిదో ఒక పట్టిక తయారైంది. వయసు పెరిగేకొద్దీ అంకె పెరుగుతుందని, కాయలు కాచిన చెయ్యి అబద్ధం చెబుతుందని ఆ పట్టికే చెప్పింది. పాత ఫిట్టర్లకు మణికట్టు లోపలి వైపు ఆనించమని నేర్పాడు.

శబ్దం గడి ఇంకా బాగుండేది. అందులో రాసినవి గుర్తున్నంతవరకు చెబుతాను. గరగర. కిర్రుకిర్రు. ఎండుటాకుల మీద నడిచినట్టు. ముసలోడి మూలుగు. దోసె పెనం మీద నీళ్లు చల్లినట్టు. ఒక పంపు ఖలాసీ రాశాడు: ‘చింతగింజలు గిలకరించినట్టు ఉంది.’ పంపు నడిపినవాళ్లకు తెలుసు. పీల్చే వైపు నీరు చాలకపోతే లోపల ఆవిరి బుడగలు పుట్టి, చక్రం రెక్కల మీద పేలిపోతాయి. ఆ దెబ్బలకు ఇనుము చిదుగులు చిదుగులుగా లేచిపోతుంది. ఇంజనీర్లు దాన్ని కేవిటేషన్ అంటారు. మన పారిభాషిక పదాల కమిటీల్లో ఎవరైనా దానికి సమాసం కడుతుంటే ముందు ఆ ఖలాసీని అడగాలి.

ఆ నోటుబుక్కుల్ని తెలుగు శాఖలో ఎవరికైనా చూపించాలని నేను చాలాసార్లు అన్నాను. “అవి సాహిత్యం కాదు, సాక్ష్యం” అని బీరువాలో పెట్టి తాళం వేసేవాడు.

ఇక్కడ ఒక్క మాట. మెయింటెనెన్స్‌ను మన దగ్గర రిపేరు అనుకుంటారు. చెడింది, బాగుచేశారు, చప్పట్లు. బావ దృష్టిలో రిపేరంటే ఓడిపోయాక చేసే పని. అసలు పని ఆదివారం జరిగేది. ఆదివారం డ్యూటీని మనవాళ్లు ‘ప్లేడే’ అంటారు కదా. పేరులో ఆటుంది, పనిలో లేదు. మిగతా ఆరు రోజులూ యంత్రాన్ని ముట్టుకోనివ్వం కాబట్టి ఆ ఒక్కరోజే ఆయనకు దొరికేది. తాడు, బ్రేకు, కప్లింగు, కేబులు, స్విచ్చుగేరు, అన్నీ ఆ రోజే విప్పాలి, ఆ రోజే బిగించాలి. ఆయన భార్య నాకు చెల్లెలి వరస. ఆమె ఒకసారి మా ఆవిడతో అంది: “పెళ్లయిన కొత్తలో ఆదివారం ఇంట్లో ఉంటారేమోనని మాంసం తెప్పించేదాన్ని వదినా. ఇప్పుడు సోమవారం తెప్పిస్తున్నా. ఆ రోజు నిద్రపోవడానికైనా వస్తారు.”

షాఫ్టు తాడు గురించి చెప్పకుండా ఆయన గురించి చెప్పలేను. మనుషుల్ని దించే వైండింగ్ తాడు, మోసే బరువుకు పది రెట్లు తట్టుకునేలా ఉండాలి. ఎంత బాగున్నా మూడున్నరేళ్లు దాటితే తీసెయ్యాలి. ఆరు నెలలకోసారి మనుషులెక్కే కేజ్‌కు బిగించిన కొసను కోసి మళ్లీ క్యాపింగ్ చెయ్యాలి. ఇదంతా పుస్తకంలో ఉంది, అందరూ చేస్తారు. కోసిన ముక్కను ఎక్కడైనా తుక్కులో పడేస్తారు. ఆయన పడెయ్యడు. వర్క్‌షాపులో బల్ల మీద పెట్టి, కుర్ర ఫిట్టర్లను చుట్టూ నిలబెట్టి, పేట తర్వాత పేట విప్పేవాడు. తాడు బయటికి నల్లగా, నూనె పట్టి, కొత్త పెళ్లికొడుకులా మెరుస్తుంది. లోపల పేటలు ఒకదాన్నొకటి రాసుకునే చోట తుప్పు ఎర్రగా పొడిగా రాలుతుంది. బయటినుంచి చూసేవాడి కంటికి ఆ తుప్పు ఎప్పటికీ కనపడదు. “పైనుంచి చూస్తే తాడు ఎప్పుడూ ఓకేనే” అనేవాడు. ఆ ముక్కలు వాళ్లింట్లో పుస్తకాల మధ్య ఇప్పటికీ ఉన్నాయి. ఒకటి నాకూ ఇచ్చాడు. కాగితాలెగిరిపోకుండా పెట్టుకుంటాను.

మరొకటి ఫ్లేమ్‌ప్రూఫ్ డబ్బా. గనిలో వాడే మోటార్లకు, స్విచ్చులకు తొడిగే ఆ ఇనప పెట్టెలోకి గ్యాసు పోదని చాలామంది అనుకుంటారు. మైనింగ్ చదివిన నేను కూడా మొదట్లో అలాగే అనుకున్నాను. పోతుంది. లోపల నిప్పురవ్వ పడితే లోపలే పేలుతుంది కూడా. పెట్టెకూ మూతకూ మధ్య అంచు వెడల్పుగా, సందు అతి సన్నగా ఉంటుంది. మంట ఆ సందులోంచి బయటికి వచ్చేలోగా చల్లారిపోతుంది. బయట గాలిలో మీథేన్ అయిదు నుంచి పదిహేను శాతం మధ్య ఉన్నా అంటుకోదు. ఆ పెట్టె పనంతా సందు ఎంతుందన్న దాని మీదే నడుస్తుంది. ఆ సందును పట్టి ఉంచేవి బోల్టులు. కింద మీథేన్ 1.25 శాతానికి చేరితే కరెంటు తియ్యాలన్నది నిబంధన, అది మా పని. ఒక బోల్టు ఊడిందా, ఒకటి వదులుగా ఉందా అన్నది ఆయన పని. పన్నెండు బోల్టుల్లో పదకొండు ఉంటే మనమందరం ఉన్నాయనే అంటాం. ఆయన జేబులో సందు కొలిచే ఫీలర్ గేజి లేకుండా బాయి దిగింది నేను చూడలేదు. పెళ్లి భోజనాల దగ్గర ఒకసారి ఆ గేజి జేబులోంచి జారి పక్కవాడి సాంబారులో పడింది. తీసి, తుడిచి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు నా సంగతి.

ఒక మార్చి నెలాఖరు. మార్చి అంటే ఏమిటో మైనింగ్ వాళ్లకు చెప్పక్కర్లేదు. టార్గెట్టుకు కొంచెం దూరంలో ఉన్నాం. రెండో షిఫ్టు. బావ వచ్చి హాలేజి నాలుగు గంటలు ఆపాలన్నాడు. ఏమైందంటే ‘నిన్న లేనిది’ గడిలో ఎవరో రాశారట: లోపల ఏదో కొట్టుకుంటోంది. నేను వెళ్లి విన్నాను. నిజమే, టకటకమని ఒక చప్పుడు. ఇలాంటి చప్పుళ్లు వెయ్యి విన్నాం, ఏప్రిల్ ఒకటిన ఆపుకో అన్నాను. ఆయన వాదించలేదు. నోటుబుక్కు నా ముందు పెట్టి పెన్ను తీసిచ్చాడు. “‘శబ్దం విన్నాను, ఆపవద్దన్నాను’ అని రాసి సంతకం పెట్టు. నేనెళ్లిపోతా.”

మిత్రులారా, మూడు మాటలు. నా చెయ్యి ఆడలేదు. నోటితో చెప్పడానికి నాకు ఏ బాధా లేదు. ఫోనులో చెప్పమంటే పదిసార్లు చెప్పేవాణ్ణి. కాగితం మీద పెట్టమనేసరికి అదే మాట వేరే మాటైపోయింది. పెన్ను తిరిగిచ్చేసి ఆపుకోమన్నాను.

విప్పారు. మొత్తం విప్పారు. గేర్లు బాగున్నాయి. బేరింగులు బాగున్నాయి. కప్లింగు బాగుంది. బిగించి నడిపితే అదే టకటక. నాలుగు గంటలు పోయాయి. టార్గెట్టు అందలేదు. ఆ నెల నేను తిన్న చీవాట్లు మీకు వినిపించను. పుస్తకంలో ఆయన రాసింది చెబుతాను: ‘విప్పాము. ఏమీ కనబడలేదు. శబ్దం పోలేదు. కారణం తెలియదు.’

పదిహేను రోజులు నేను ఆయన్ని వదల్లేదు. కనిపించినప్పుడల్లా ‘కారణం తెలిసిందా బావా’ అనేవాణ్ణి. పదహారో రోజు తెలిసింది. శబ్దం హాలేజిది కానే కాదు. గోడకు అవతల నీళ్ల గొట్టం ఒక రేకుకు తగులుతోంది. హాలేజి తిరిగినప్పుడు నేల అదిరి, ఆ అదురుకు అది కొట్టుకుంటోంది. ఇలాంటి కథల్లో చివరికి యంత్రం లోపల పగులు దొరకాలి, మేనేజరు సిగ్గుపడాలి. ఇక్కడ దొరికింది గొట్టం. ఆ సాయంత్రం ఆయన అదే పుటకు ఎదురుగా రాశాడు: ‘శబ్దానికి కారణం నీళ్ల గొట్టం. హాలేజి ఆపడం అనవసరం. నిర్ణయం నాది.’ కింద సంతకం.

‘అనవసరం’ అన్న మాట రాయమని ఆయన్ని ఎవరూ అడగలేదు. నేను కూడా. ఆ పుట ఫిట్టర్లందరూ చదివారు. ఒకరి నుంచి ఒకరు అడిగి మరీ చదివారు. ఆ తర్వాతే, అది నేను కళ్లారా చూశాను, నోటుబుక్కు మారిపోయింది. అంతకుముందు యంత్రం తప్పులు రాసేవాళ్లు. అప్పటినుంచి తమ తప్పులు రాయడం మొదలుపెట్టారు. ‘గ్రీజు పెట్టుడు మర్చిన. రాత్రి షిఫ్టు పెట్టిండు.’ ‘నట్టు నా చేతిల విరిగింది.’ ‘నిద్రపోయిన. రెండు గంటలు చూడలేదు.’ ఆ చివరిది రాసినవాడి మీద చర్య తీసుకోవాలని నేను, వద్దని ఆయన, పెద్ద గొడవైంది. నేను ఇప్పటికీ నాదే న్యాయమంటాను. పంపు దగ్గర నిద్రపోవడం చిన్న విషయం కాదు. ఆయన అన్నది మాత్రం చెప్పాలి: “చర్య తీసుకో. రేపటినుంచి ఆ రెండు గంటల గడిలో ఓకే ఉంటది.”

1986 ఆగస్టు ఇక్కడ చాలామందికి గుర్తుంటుంది. ఆ నెల 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. మా బాయి నది ఒడ్డున లేదు గానీ వాన మాత్రం మా మీదా కురిసింది. పైనుంచి వచ్చే నీరు పైనుంచి, పగుళ్లలోంచి వచ్చేది పగుళ్లలోంచి. నేను మూడు రోజులు ఇంటికి పోలేదు. అరిచాను, పరిగెత్తాను, ఫోన్లు చేశాను. బావ నిద్రపోయాడు. సబ్‌స్టేషను పక్క గదిలో గోనెసంచులు పరిచి గురకపెట్టి నిద్రపోయాడు. అది చూసి నాకు ఒళ్లు మండింది.

ఆయన వరద పని మేలోనే అయిపోయిందని నాకప్పుడు తట్టలేదు. ఎండలు మండుతుంటే, సంపులో నీళ్లు మోకాలి దాకా లేనప్పుడు, ఒక్కో పంపు సక్షన్ గొట్టం పైకి తీయించి చివరనున్న ఫుట్‌వాల్వ్ విప్పించాడు. ఆ వాల్వ్ నీటిని పైకి పోనిస్తుంది, కిందికి రానివ్వదు. దానిలో చిన్న బొగ్గుపలుకు ఇరుక్కుంటే, కరెంటు పోయి వచ్చేలోగా గొట్టంలో నీళ్లన్నీ కిందికి జారిపోతాయి. అప్పుడు మోటారు తిరుగుతుంది గానీ నీళ్లు రావు. మళ్లీ నీళ్లు నింపి, గాలి తీసి మొదలుపెట్టేసరికి సంపు నిండిపోతుంది. ఆ వేసవిలో ఎంత పలుకు తీశారో, ఏ పంపులో ఎన్ని వాల్వులు మార్చారో పుస్తకంలో రాసి ఉంది. వరదరోజుల్లో కరెంటు ఎన్నిసార్లు పోయిందో లెక్కలేదు. వచ్చిన ప్రతిసారీ పంపులు అందుకున్నాయి.

రెండో రాత్రి నేను ఉండబట్టలేక ఆయన్ని లేపాను.

“సంపులో నీళ్లెంత?” అన్నాడు కళ్లు తెరవకుండా.

“ఫరవాలేదు, బాగానే ఉంది.”

“బాగానే అంటే ఎన్ని అంగుళాలు?”

నాకు తెలియదు. నేనే దిగి వెళ్లాను. సంపు గోడ మీద ఆయన పెయింటుతో గీసిన గీతలున్నాయి, అంగుళం అంగుళానికీ. క్యాప్ ల్యాంపు వెలుతురులో చూసి, పైకొచ్చి అంకె చెప్పాను. “గంట తర్వాత మళ్లీ చూసి చెప్పు” అని అటు తిరిగి పడుకున్నాడు. బాయి మేనేజరుతో సంపు కొలిపించిన ఇంజనీరు మన లోయలో ఇంకొకడు లేడు. రాత్రంతా కొలిచాను. తెల్లారేసరికి రెండంగుళాలు తగ్గింది. ఆ రెండంగుళాలు నాకిచ్చినంత ధైర్యం అంతకుముందు ఎవరి మాటా ఇవ్వలేదు.

ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గురించి ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. 1975 డిసెంబరు 27న పాత తవ్వకాల్లో నిలిచిన నీరు గని మీద విరుచుకుపడింది. 370 మందికి పైగా పోయారు. నీళ్లు తోడటానికే వారాలు పట్టింది. మేం ఉద్యోగాల్లో చేరేనాటికి ఆ గాయం పచ్చిగానే ఉంది. గని మ్యాపు మీద పాత తవ్వకాల చుట్టూ ఆయన నీలం పెన్సిలుతో గీత గీసి పెట్టుకునేవాడు, అది సర్వేయరు పనైనా సరే.

రాణీగంజ్ దగ్గర మహాబీర్ కొలీరీ గురించి మాత్రం పిల్లలకు కథలా చెప్పేవాడు. 1989 నవంబరులో నీరు చొరబడి 71 మంది లోపల చిక్కుపడ్డారు. భూమి పైనుంచి బోరు వేసి, ఉక్కు గొట్టంలాంటి క్యాప్సూల్ దించి ఒక్కొక్కర్నీ లాగారు. 65 మంది బతికారు. జస్వంత్ సింగ్ గిల్ అన్న ఇంజనీరు ఆ క్యాప్సూల్‌లో తనే ముందు దిగాడు. బావకు గిల్ అంటే అపారమైన గౌరవం. కానీ కథ చివర ఎప్పుడూ ఇలా అడిగేవాడు: “ఆ డబ్బాకు వెల్డింగ్ చేసినోడెవడు? రాత్రికి రాత్రి అతుకు వేసి, ఇది మనిషి బరువు మోస్తదని అన్నోడు? వాడి పేరు ఎవరన్నా రాసుకున్నరా?” పిల్లలు అప్పటికే నిద్రపోయేవాళ్లు.

ఇంతసేపూ మంచి చెప్పాను. ఇంకొకటి చెప్పకపోతే ఆయన ఒప్పుకోడు. ఒక కుర్ర ఇంజనీరు, కాలేజీ నుంచి నేరుగా వచ్చినవాడు, చూడని స్విచ్చును చూసినట్టు రాశాడు. పాత అలవాటు, రెండక్షరాలు. బావ ఆ అబ్బాయిని షిఫ్టు మారే వేళ, పైకొచ్చేవాళ్లూ కిందికి దిగేవాళ్లూ మూడొందల మంది ఉన్నచోట నిలబెట్టి, ఆ పుట పైకి చదివించాడు. ఆ అబ్బాయి చదివాడు. నెలలోపే బదిలీ అడిగి వెళ్లిపోయాడు. నిద్రపోయిన ఖలాసీని వెనకేసుకొచ్చిన మనిషి చదువుకున్న కుర్రాడి దగ్గర ఆ దయ చూపించలేదు. ఎందుకని చాలా ఏళ్ల తర్వాత అడిగాను. “వాడికి మాటలున్నాయి కదా” అన్నాడు. అది జవాబని నేననుకోను. ఆయనా అనుకున్నాడని అనుకోను. ఆ సంగతి ఆయన ఏ పుస్తకంలోనూ రాయలేదు. అందుకే నేనిక్కడ చెబుతున్నాను, ఇది అచ్చులోకి వెళ్తుంది కాబట్టి.

రిటైరయ్యాక మేం ఒకే కాలనీలో ఇళ్లు కట్టుకున్నాం. మళ్లీ మధ్యలో గోడే. ముప్పై ఏళ్ల కంప్రెసర్ల మోత ఆయన చెవుల్ని తీసుకుపోయింది. ప్రపంచంలోని శబ్దాలన్నిటికీ పేరు పెట్టించిన మనిషికి ఫోను మోగేది వినపడేది కాదు. మిషను పెట్టుకోమంటే చిరాకుపడేవాడు. అరచెయ్యి ఆనించి వినడం అలవాటు చేసుకున్నాడు. మా ఇంటి మోటారు మీద, మిక్సీ మీద, మనవడు కొన్న బైకు ట్యాంకు మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకునేవాడు. ఒక కొత్త గని కంట్రోల్ రూము చూపించడానికి పాత శిష్యులు తీసుకెళ్లారు. గోడ నిండా తెరలు, ప్రతి యంత్రానికీ పచ్చదీపం. ఇప్పుడు సెన్సార్లే అన్నీ చూసుకుంటాయి సార్ అన్నారు. “పచ్చగుంది సరే, ఎంతుంది?” అని అడిగాడట. ఒక అబ్బాయి వెంటనే ఇంకో తెర తెరిచి, డిగ్రీలూ అదురూ ఆరు నెలల గ్రాఫుతో సహా చూపించాడట. ఇంటికొచ్చి ఆ గ్రాఫు గురించి నాకు గంటసేపు చెప్పాడు. అంత సంతోషంగా ఉండటం నేను చాలారోజుల తర్వాత చూశాను.

ఆయన పోయిన పదో రోజు చెల్లెమ్మ నన్ను పిలిచి బీరువా తీసింది. బాయి నోటుబుక్కులు కావు, ఇంటివి. అవే గళ్లు, అదే స్కేలు. ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్లు ఎప్పుడు పోశారు, గ్యాసు గొట్టం తేదీ, ట్యాంకు కడిగిన రోజు. రక్తపోటు కూడా అక్కడే ఉంది, బోరు మోటారు తర్వాతి వరసలో. డాక్టరుకు అంతా బాగుందని చెప్పేవాడట. ఇక్కడ మాత్రం అంకెలున్నాయి. చివరి మూడు వారాలూ అంకెలు ఎక్కుతూ పోయాయి. ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్లు ‘నిన్న లేనిది’ చెప్పమని అందర్నీ వేధించిన మనిషి. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఇప్పటికీ ఉంది.

చివరి పుటలో చివరి వరస ఇది: ‘ముందుగది ఫ్యాను. చేతికి అదురు తెలుస్తోంది. నిన్న లేదు. చూడాలి.’

నిన్న సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఫ్యాను వేయించాను. నా చెవులు ఇంకా పనిచేస్తున్నాయి. కిర్రుకిర్రు కాదు, గరగర కాదు. ఎండుటాకుల మీద ఎవరో మెల్లగా నడుస్తున్నట్టుంది. ఎక్కి చూద్దామంటే నిచ్చెన లేదు. పక్కింటివాళ్లు పట్టుకెళ్లారట. ఇవాళ సాయంత్రానికి తెప్పించి పెడతానంది చెల్లెమ్మ. సభ అయ్యాక వస్తానని చెప్పాను.